పెద్దకర్మ అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు... ఆ తర్వాత?

(దృశ్యం: కర్నూలులో ఒక వీధి. ఇంటి ముందు షామియానా విప్పుతున్నారు. అద్దె కుర్చీలు ఆటోలోకి ఎక్కిస్తున్నారు.)

వ్యాఖ్యాత: మనిషి పోయిన ఇంట్లో పదకొండు రోజులూ జనం ఉంటారు. వంట కూడా ఎవరో ఒకరు చూసుకుంటారు. ముస్లిం కుటుంబాల్లో నలభయ్యో రోజు వరకూ రాకపోకలు ఉంటాయి. అవన్నీ ముగిసి, తలుపు వేసుకున్నాకే చాలామందికి అసలు బాధ తెలుస్తుంది. ఈ వీడియో ఆ రోజుల గురించే.

నిద్ర పట్టదు. అన్నం సహించదు. తాళాలు ఎక్కడ పెట్టామో గుర్తుండదు. పోయినవారు పిలిచినట్టే వినిపిస్తుంది. భయపడకండి, ఇది పిచ్చి కాదు, దుఃఖంలో చాలామందికి ఇలాగే ఉంటుంది.

(దృశ్యం: గోడ మీద దండ వేసిన ఫొటో. తర్వాత వార్డు సచివాలయం ముందు కాగితాలు పట్టుకున్న యువకుడు.)

ఒక పూట ఫొటో ముందు కూర్చుని ఏడుస్తాం. మరో పూట మరణ ధ్రువపత్రం కోసం సచివాలయానికి, పేరు మార్పు కోసం బ్యాంకుకు తిరుగుతాం. మధ్యలో ఏదో మాటకు నవ్వొస్తుంది, వెంటనే తప్పు చేసినట్టు అనిపిస్తుంది. తప్పేమీ లేదు. నెదర్లాండ్స్ పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పింది ఇదే: మనసు బాధలోకి వెళ్తుంది, బతుకు పనుల్లోకి వస్తుంది, మళ్ళీ వెళ్తుంది. ఈ రాకపోకల వల్లే మనిషి నిలదొక్కుకుంటాడు. రోజంతా ఏడవాల్సిన పనిలేదు, అసలు ఏడవకుండా బిగబట్టుకోవాల్సిన పనీ లేదు.

‘పెద్దకొడుకువి, నువ్వే ఇలా అయితే ఎలా?’ అనే ఓదార్పు మాత్రం ఇక మానేద్దాం. దాని బదులు ‘శనివారం వస్తాను, బ్యాంకుకు కలిసి వెళ్దాం’ అనండి. భర్త పోయిన ఆడవారిని శుభకార్యాలకు పిలవకపోవడం కూడా అలాంటిదే. దుఃఖం చాలదన్నట్టు ఒంటరితనం కూడా మనమే అంటగడుతున్నాం.

(దృశ్యం: ఇరుకు గదిలో మంచం మీద కూర్చుని ఫోను చూస్తున్న వ్యక్తి.)

కడప వైపు నుంచి ఎంతోమంది కువైట్‌లో పనిచేస్తున్నారు. సెలవు దొరకక, తండ్రి అంత్యక్రియలను వీడియో కాల్‌లో చూసినవారు వారిలో ఉన్నారు. కడసారి చూపు దక్కని ఈ దుఃఖం వేరు. మరణం నిజమని బుద్ధికి తెలుసు, మనసు ఒప్పుకోదు. ఇంట్లోవారికి ఒక మాట: బాధపడతాడని వివరాలు దాచకండి. నాన్న ఆఖరి రోజుల్లో ఏమి తిన్నారో, ఎవరిని అడిగారో అన్నీ చెప్పండి. అతను ఊరికి వచ్చినప్పుడు, ఏడాది గడిచినా సరే, సమాధి దగ్గరికో, అస్థికలు కలిపిన ఏటి ఒడ్డుకో తీసుకెళ్ళండి. అక్కడ అతను ఏడిస్తే ఆపకండి.

మద్యం తాగితే నిద్ర వస్తుందనేది నిజమే, కానీ ఆ నిద్ర మధ్యలోనే తెగిపోతుంది, మర్నాడు దిగులు పెరుగుతుంది. డాక్టర్ రాయకుండా నిద్రమాత్రలు కొనవద్దు. మొదటి ఉగాది, మొదటి రంజాన్, సంవత్సరీకం దగ్గర పడినప్పుడు బాధ మళ్ళీ పొంగుతుంది. ఆ రోజు ఎవరితో గడపాలో ముందే అనుకోండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు? ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ప్రకారం, తీవ్రమైన దుఃఖం ఆరు నెలలు దాటినా తగ్గక, పనులు సాగనివ్వకపోతే దానికి చికిత్స అవసరం. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి.

చనిపోవాలనే ఆలోచన వస్తే ఆరు నెలలు కాదు, ఆరు గంటలు కూడా ఆగకండి. అలా మాట్లాడుతున్నవారిని ఒంటరిగా వదలకండి. పల్లెల్లో అయితే పురుగుమందు డబ్బాలను ఆ ఇంటి నుంచి తీసేయండి.

(తెర మీద: టెలిమానస్ 14416)

టెలిమానస్ అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఈ నంబరుకు ఫోను చేయడం ఉచితం. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ‘మా అమ్మ పోయింది, నిద్ర పట్టడం లేదు’ అంటే చాలు, మిగతావి వారే అడుగుతారు.