సర్టిఫికెట్ మార్చేముందు గడియారం చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, నన్ను పిలిచిన నిర్వాహకులకు, భోజనం తర్వాత సెషన్ అయినా నిద్ర ఆపుకుని కూర్చున్న మీకు ధన్యవాదాలు. ఇంకా చాలామందికి చెప్పాలి గానీ, మొదలుపెడితే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ అందులోనే అయిపోతాయి.

ఆహ్వాన పత్రంలో నా అంశం ‘క్లౌడ్ పరికరాల భవిష్యత్తు’ అని అచ్చువేశారు. భవిష్యత్తు గురించి నాకు తెలిసింది తక్కువ. ఒక చిన్న బోర్డు క్లౌడ్‌కి కనెక్ట్ కాకుండా నన్ను మూడు రోజులు ఏడిపించిన సంగతి మాత్రం బాగా తెలుసు. చెప్పుకోవడానికి ఇన్నాళ్లకి మైకు దొరికింది, కాబట్టి అదే చెబుతాను.

ఆ బోర్డు పని ఉష్ణోగ్రత కొలవడం, కొలిచింది ఎంక్యూటీటీ మీద, అంటే చిన్న పరికరాలు సమాచారం పంపుకునే పద్ధతిలో, క్లౌడ్‌కి పంపడం. పోర్టు 8883, అంటే టీఎల్‌ఎస్‌తో, ఎదుటివాళ్లెవరో సరిచూసి డేటాకి తాళం వేసి పంపే పద్ధతితో. నా బల్ల మీద ఉన్నంతకాలం బుద్ధిమంతుడిలా పనిచేసింది. సైట్‌కి తీసుకెళ్లి బిగించిన రోజే మొండికేసింది. అక్కడున్న కుర్రాడు ఫోన్ చేశాడు. “మేడమ్, సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఫెయిల్ అయిందంటోంది.”

సర్టిఫికెట్ అంటే కనెక్షన్‌లో చూపించే గుర్తింపు కార్డు. ఆ మాట వినగానే నాకు తోచిందల్లా సర్టిఫికెట్ మార్చడమే. “కొత్తది పంపిస్తాను, అది వేసి చూడు బాబూ” అన్నాను. వేశాడు. అదే ఎర్రర్. ఇంకోటి పంపాను. దానికి జతగా ఉండే రహస్య కీ కూడా మార్చాను. మూడు రోజుల్లో ఆరు సర్టిఫికెట్లు. జ్వరం వచ్చినవాడికి చొక్కాలు మార్చినట్టు!

మూడో రోజు రాత్రి, ఇక చేసేదేమీ లేక, లాగ్ మొత్తం పైనుంచి కిందికి చదవమన్నాను. పాపం చదువుతున్నాడు. మధ్యలో ఆగి, “మేడమ్, ప్రతి లైను ముందూ 1970 జనవరి 1 అని వస్తోంది, అది మామూలేనా?” అని అడిగాడు.

నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే నేను చేసినవి రెండు తప్పులు. పరికరం క్లౌడ్‌కి కనెక్ట్ అయ్యేటప్పుడు గుమ్మం దగ్గర ఇద్దరూ ఒకరినొకరు గుర్తింపు కార్డు అడుగుతారు. సర్వర్ తన సర్టిఫికెట్ చూపిస్తుంది, పరికరం దాన్ని పరిశీలిస్తుంది. పరికరం తన సర్టిఫికెట్ చూపిస్తుంది, సర్వర్ పరిశీలిస్తుంది. ఆ ఎర్రర్ ఇచ్చింది పరికరం. అంటే దానికి నచ్చనిది సర్వర్ కార్డు. నేను మూడు రోజులూ మార్చుకుంటూ కూర్చున్నది పరికరం కార్డు! ఆరు కాదు, అరవై మార్చినా లాభం లేదు. అందుకే నా దగ్గర పనిచేసేవాళ్లని మొదట అడిగేది ఒక్కటే: ఎవరు ఎవర్ని కాదన్నారు? ఈ ప్రశ్నకి జవాబు తెలియకుండా ఏ ఫైలూ ముట్టుకోవద్దంటాను.

రెండో తప్పు గడియారం. సర్టిఫికెట్ మీద ఫలానా రోజు నుంచి, ఫలానా రోజు వరకు అని రెండు తేదీలుంటాయి. మా బోర్డులో గడియారానికి బ్యాటరీ లేదు, ఖర్చు తగ్గుతుందని తీసేశాం. కరెంటు వచ్చిన ప్రతిసారీ దాని కాలం యూనిక్స్ సున్నా నుంచి, అంటే 1970 జనవరి 1 నుంచి మొదలవుతుంది. నా బల్ల దగ్గర అయితే నెట్‌వర్క్ టైమ్ సర్వర్‌ని అడిగి సరిచేసుకునేది. సైట్‌లో ఫైర్‌వాల్, అంటే నెట్‌వర్క్ కాపలాదారు, టైమ్ వచ్చే యూడీపీ 123 పోర్టుని మూసేసింది. టైమ్ రాలేదు. పరికరం 1970లో కూర్చుని సర్వర్ సర్టిఫికెట్ చూసి, “ఇది ఇంకా అమల్లోకి రాలేదు” అంది. దాని లెక్కలో అది నిజమే కదండీ.

సరే, టైమ్‌ని హెచ్‌టీటీపీఎస్‌లో, అంటే సురక్షిత వెబ్ కనెక్షన్‌లో, తెచ్చుకుందామంటే, దానికీ సర్టిఫికెట్ సరిచూడాలి. సరిచూడాలంటే టైమ్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. చివరికి మేం చేసిందేమిటంటే, ఫర్మ్‌వేర్, అంటే బోర్డులో నడిచే ప్రోగ్రామ్, తయారైన తేదీని అందులోనే రాసి, పరికరం దానికంటే వెనక్కి పోకుండా చూశాం. చివరిసారి తెలిసిన టైమ్‌ని కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో దాచి, మళ్లీ లేచినప్పుడు అక్కణ్నుంచి లెక్క మొదలుపెట్టించాం. సైట్‌వాళ్లని బతిమాలి లోపలి టైమ్ సర్వర్ ఒకటి ఇప్పించుకున్నాం.

వెనక వరసలో ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి. మీ బోర్డులో బ్యాటరీ ఉందో లేదో మాత్రం వెళ్లగానే చూసుకోండి.

ఇప్పుడు రూట్ సంగతి, అంటే మిగతా సర్టిఫికెట్లకి ఆధారంగా మనం ముందే నమ్మే మూల సర్టిఫికెట్ సంగతి. దీని దగ్గర నేను తరచుగా వినే మాట: “మా ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో ఆ అడ్రస్ తెరుచుకుంటోందండీ, మీ పరికరానికే ఎందుకు రాదు?” బ్రౌజర్ పెద్దింటి బిడ్డ. దాని సంచిలో వందకు పైగా రూట్‌లుంటాయి. సర్వర్ తన సర్టిఫికెట్‌ని రూట్‌తో కలిపే మధ్య సర్టిఫికెట్‌ని పంపడం మరిచిపోయినా, ఎక్కడో పాతది గుర్తుంచుకుని గానీ, వెతికి తెచ్చుకుని గానీ సర్దుకుంటుంది. మన చిన్న బోర్డు దగ్గర మనం పెట్టిన ఒక్క రూట్ ఉంటుంది, మహా అయితే రెండు. సర్వర్ గొలుసులో ఒక లంకె తక్కువైతే అక్కడే ఆగిపోతుంది. కాబట్టి బ్రౌజర్ సాక్ష్యం చెల్లదు. కనెక్షన్‌ని పరీక్షించే ఓపెన్ఎస్ఎస్ఎల్ ఎస్-క్లయింట్ అనే కమాండ్‌తో అదే పోర్టుకి, సర్వర్ పేరు ఇచ్చి, గొలుసంతా చూపించమని అడగండి. బోర్డులో పెట్టిన రూట్ ఫైలునే దానికీ ఇవ్వండి. ఎర్రర్ 20 వస్తే జారీచేసినవాళ్ల సర్టిఫికెట్ దొరకలేదని, 10 వస్తే గడువు దాటిందని, 9 వస్తే ఇంకా అమల్లోకి రాలేదని. ఆ 9 మొదటి రోజే నా కంట పడి ఉంటే బాగుండేది. కానీ నేను ఆ పరీక్ష నా ల్యాప్‌టాప్ నుంచి చేశాను, ల్యాప్‌టాప్‌కి తేదీ తెలుసు!

రూట్ ఒకసారి పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లకి ఆసరాగా ఉన్న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 గడువు 2021 సెప్టెంబర్ 30న తీరినప్పుడు, అప్‌డేట్ లేని పాత పరికరాలు ఎన్నో కనెక్షన్ పోగొట్టుకున్నాయి. మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో పరికరాలు కనెక్ట్ అయ్యే అజూర్ ఐఓటీ హబ్ 2023లో బాల్టిమోర్ రూట్ నుంచి డిజిసర్ట్ గ్లోబల్ రూట్ జీ2కి మారింది. ఆ బాల్టిమోర్ రూట్ గడువు కూడా 2025 మేలో తీరింది. ఇంకొందరు రూట్ కూడా కాదు, ఏకంగా సర్వర్ సర్టిఫికెట్‌నే ఫర్మ్‌వేర్‌లో అతికించేస్తారు. అది రెన్యూ అయిన రోజు పరికరాలన్నీ ఒకేసారి మూగపోతాయి. పబ్లిక్ సర్టిఫికెట్ల ఆయుష్షు 398 రోజులుండేది. సర్టిఫికెట్లిచ్చే సంస్థలూ బ్రౌజర్ తయారీదారులూ కలిసిన సీఏ/బ్రౌజర్ ఫోరం 2025లో చేసిన నిర్ణయం ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200, 2027లో 100, 2029 మార్చి నాటికి 47 రోజులు. 47 రోజులకోసారి ఫర్మ్‌వేర్ పంపుతారా? రూట్‌లు పెట్టండి, ఒకటికి రెండు పెట్టండి, వాటిని మార్చే దారి ముందే ఉంచుకోండి.

పేరు గురించి త్వరగా చెప్పేస్తాను. ఐపీ అడ్రస్‌తో కనెక్ట్ చేసి, పేరు కలవలేదంటూ ఎర్రర్ వచ్చిందని గొణగొద్దు. సర్టిఫికెట్ మీద ఉన్న పేరుతోనే పిలవండి.

పరికరం సొంత సర్టిఫికెట్ విషయంలో, నా మధ్యాహ్నమంతా తినేసిన సంగతొకటి ఉంది. పెమ్ ఫైలుని, అంటే అక్షరాల రూపంలో ఉన్న సర్టిఫికెట్‌ని, సీ కోడ్‌లో స్ట్రింగ్‌గా అతికించాను. ప్రతి లైను చివరా కొత్త లైను గుర్తు పెట్టాలని తెలుసు, పెట్టాను. అయినా బోర్డులో టీఎల్‌ఎస్ పని చూసే ఎంబెడ్‌టీఎల్‌ఎస్ లైబ్రరీ చదవలేనంది. చూస్తే, దానికి పొడవు చెప్పేటప్పుడు స్ట్రింగ్ అయిపోయిందని చెప్పే చివరి సున్నా బైటుని కూడా లెక్కలో కలపాలట. ఒక్క బైటు! కలిపాను, చదివేసింది. ఇంకో మాట, సర్టిఫికెట్‌లోని పబ్లిక్ కీ, మీ ప్రైవేట్ కీ నుంచి తీసిన పబ్లిక్ కీ ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చూడండి. రెండు పరికరాల ఫైళ్లు కలగాపులగం అయినప్పుడు అదొక్కటే దిక్కు. హ్యాండ్‌షేక్, అంటే ఆ గుర్తింపు కార్డుల పరిశీలన, అయిపోయి, కనెక్ట్ అయిన మరుక్షణం తెగిపోతుంటే మాత్రం క్లౌడ్ కన్సోల్‌కి వెళ్లండి. అక్కడ సర్టిఫికెట్ యాక్టివ్‌గా ఉందా, దానికి ఏం చేయొచ్చో చెప్పే పాలసీ తగిలించారా, పరికరం ఐడీ అదేనా, ఇవి చూడాలి.

అధ్యక్షులవారు చీటీ పంపారు, మూడు నిమిషాలట. నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకా మొదలుపెట్టలేదు!

ఇందాకటి కథలో ఒక ముక్క దాచాను. రెండో రోజు రాత్రి, ఒత్తిడి తట్టుకోలేక, నేను కోడ్‌లో ఒక లైను రాశాను. సెట్ ఇన్‌సెక్యూర్. సర్వర్ సర్టిఫికెట్‌ని అసలు చూడొద్దని. అది సైట్‌కి పంపితే వెంటనే కనెక్ట్ అయింది. పక్కన కామెంట్‌లో ‘తాత్కాలికంగా’ అని రాశాను. మర్నాడు మనసొప్పక ఆ ఒక్క బోర్డులో తీసేయించాను, అందుకే మూడో రోజు మళ్లీ ఎర్రర్ వచ్చింది, అందుకే లాగ్ చదివించాను. కానీ ప్రధాన కోడ్‌లో ఆ లైను అలాగే ఉండిపోయింది. తర్వాత బయటికెళ్లిన బోర్డులన్నీ దాంతోనే వెళ్లాయి. పద్నాలుగు నెలలు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఎందుకు చేస్తారు? అన్నీ చక్కగా కనెక్ట్ అవుతున్నాయి కదా!

ఆ పద్నాలుగు నెలలూ డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్లింది. ఎవరికి వెళ్లిందో అడిగే నాథుడు లేడు. మధ్యలో ఎవడైనా నిలబడి తానే సర్వర్‌నంటే పరికరం నమ్మేసేది. కొన్ని బోర్డులు పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యేవి, అదీ వాడి చేతికే ఇచ్చేవి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా అదే దారిలో వచ్చేది, అది అసలైనదేనని చెప్పే వేరే డిజిటల్ సంతకం దానికి లేదు. ఇది గుర్తొస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

ఆ లైను తీసేసిన రోజు నేను వెతికింది ‘ఇన్‌సెక్యూర్’ అన్న మాట కోసం కాదు, వేరే ఏదో కోసం వెతుకుతుంటే ‘తాత్కాలికంగా’ అన్నది తగిలింది. మొత్తం కోడ్‌లో ఆ మాట పదకొండు చోట్ల ఉంది. తొమ్మిది నేను రాసినవే.

ఇదిగో, ముందు వరసలో ఒకమ్మాయి ఇందాకట్నుంచి చేయెత్తి ఉంది. అడగమ్మా, అధ్యక్షులవారు ఏమీ అనరు.