నల్ల దోటి గురించి నాలుగు ముక్కలు

అందరికీ నమస్కారమండి. పెద్దల పేర్లన్నీ చదువుతూ కూచుంటే భోజనాల టైమైపోద్ది, ఆ పని ముందు మాట్లాడినోళ్లు చేసేశారు కూడా.

కార్బన్ ఫైబర్ గురించి చెప్పమన్నారు. బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం కాంపోజిట్లేనండి, అంటే పోగుల్ని జిగురుతో కలిపి చేసిన సరుకు, అందులో ఎక్కువ ఇదే. తయారీ మన బొగ్గు బట్టీ లాంటిదే. స్వెట్టర్ల యాక్రిలిక్ ఉంది చూశారా, ఆ జాతి దారాన్ని ముందు గాల్లో 200, 300 డిగ్రీల మధ్య కాల్చి, తర్వాత గాలి తగలకుండా నైట్రోజన్లో 1000 డిగ్రీలు దాటించి మాడిస్తే మిగిలేదంతా దాదాపు కార్బనే. పోగు మందం 5 నుంచి 10 మైక్రాన్లు, మైక్రానంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. మన పీచు తాడు పేనినట్టు వేల పోగులు కలిపి ఎపాక్సీ జిగురు పట్టిస్తారు. స్టీలు నీళ్ల కంటే 8 రెట్లు బరువైతే ఈ పోగు రెండు రెట్లు కూడా ఉండదు.

అంత తేలికనే కదా మా బావగారు కొబ్బరి దింపుకి ఈ కార్బన్ ఫైబర్‌తో చేసిన నల్ల దోటి కొన్నది! షాపతను కరెంటు పారుద్దో లేదో చూసే మీటరు పెట్టి మరీ చూపించాడండి, ముల్లు కదల్లేదు, ప్లాస్టిక్ లాంటిదే షాకు కొట్టదన్నాడు. పోయిన వేసవిలో కాలవ గట్టు మీద చెట్టు దగ్గర దోటి ఎత్తారు, పైన 11 కేవీ లైను, నేను పక్కనే కూచుని ఏదో వాగుతున్నాను, టప్‌మని చప్పుడు. బతికారండి. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం ఇప్పటికీ ముడుచుకోవు, ముద్ద ఎడంచేత్తో తింటన్నారు.

చిన్నప్పుడు పాత బ్యాటరీ సెల్లు పగలగొట్టి నల్ల పుల్ల తీసేవాళ్లం గుర్తుందా? అదీ కార్బనే! దాన్లోంచే కదా కరెంటు వచ్చేది. దోటికి పైన జిగురు పొర ఉంటది, దాని మీద మీటరు ఏం చూపిస్తది? అదే వేల వోల్టుల ముందు ఆ పొర ఎంతండి.

అన్నట్టు ఇంకోటి, దోటి మీద ట్రాక్టరు ఎక్కితే పైన గీత కనపడకపోయినా లోపల పొరలు విడిపోవచ్చు. వెదురైతే విరిగేముందు కిర్రుమంటది, ఇది చెప్పాపెట్టకుండా పుటుక్కుమంటది.

నల్ల దోటి ఎవరి దగ్గరుందో చెయ్యెత్తండి. వెనకాల ముగ్గురా... అయ్యా, భోజనాలకి లేవకండి. బావగారి దోటి ముక్క తెచ్చాను, రెండు చివర్లూ గరుకు కాయితంతో రుద్దాను. మీటరు ఇక్కడే ఉంది, మీరే పెట్టి చూద్దురుగాని, రండి.