బోనులో ఏదీ దానిపాటికది పనిచేయదు

(చెన్నైలో తెలుగు కోళ్ళ రైతులు, కేజ్ తయారీదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి షెడ్డు పనులు ఎవరికో అప్పజెప్పి వచ్చిన రైతులున్నారు. అంబత్తూరులో మెష్ వెల్డింగు చేసేవాళ్ళున్నారు. వేపేరి పశువైద్య కళాశాల పిల్లలు వెనక వరసల్లో కూర్చున్నారు, ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నేను డాక్టర్ని కాను, రైతునీ కాను. పేటెంటు దరఖాస్తులు రాసిపెట్టేవాణ్ణి. గిండీలో పేటెంట్ ఆఫీసు ఉంది కదా, ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ రాష్ట్రాల దరఖాస్తులన్నీ అక్కడికే వస్తాయి. మీలో కొందరి కాగితాలు నా చేతి మీదుగానే వెళ్ళాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే చోట ఎందుకు ఆగిపోతున్నాయో చెప్పడానికి ఈ అవకాశం తీసుకున్నాను.

ప్రపంచంలో ఎక్కడ పేటెంటు ఇచ్చినా దానికొక అర నంబరు, అంటే ఏ వర్గానికి చెందిందో చెప్పే నంబరు, ఉంటుంది. పక్షుల్ని ఉంచే గూళ్ళు, కేజ్‌లు ఏ01కె 31 అనే అరలోకి పోతాయి. మేత, నీళ్ళ పరికరాలు ఏ01కె 39 లోకి. కాగితం మీద ఇవి రెండు వేరు వేరు అరలు. షెడ్డులోకి అడుగుపెట్టాక అలా ఉండదని మీకు నేను చెప్పనక్కర్లేదు.

మన 1970 పేటెంట్ల చట్టంలో 3(ఎఫ్) అని ఒక చిన్న సెక్షను. తెలిసిన పరికరాలనే తెచ్చి పక్కపక్కన పేర్చినా, వాటి చోట్లు మార్చినా, ఒకటికి రెండు పెట్టినా, అవి దేని పని అది ఎప్పటిలాగే చేసుకుపోతుంటే దాన్ని ఆవిష్కరణ అనరు. మనవాళ్ళ దరఖాస్తులు చచ్చేది ఇక్కడే. 'కేజ్ ఉంది, నిప్పుల్ ఉంది, ఫీడరు ఉంది, పెంట తీసే బెల్టు ఉంది, అన్నీ నేనే కలిపాను' అని రాస్తారు. ఈమధ్య దానికి ఒక మొబైల్ యాప్ కూడా తగిలిస్తున్నారు. పేటెంట్ ఆఫీసులో దరఖాస్తు పరిశీలించే ఎగ్జామినర్ ఒక్క వాక్యంలో తిప్పి పంపుతాడు. కోపం తెచ్చుకుని లాభం లేదు, మీరు రాసింది చదివితే అతను అన్నదే నిజం.

మరి ఎలా రాయాలి అనే ముందు, కోళ్ళు నీళ్ళు తాగే ఈ నిప్పుల్ చూడండి. వేలి కొసంత ఉంది. లోపల స్టీలు పిన్ను, దాన్ని పట్టుకునే సీటు, అంతే. కోడి ముక్కుతో పిన్నుని నెట్టగానే సందు తెరుచుకుని చుక్క దిగుతుంది, వదలగానే మూసుకుంటుంది. తెరిచి ఉంచిన నీళ్ళ తొట్టిలో దాణా, రెట్ట, దుమ్ము అన్నీ పడేవి, ఒక కోడి జబ్బు నీళ్ళ దారిన వరస మొత్తానికి పాకేది. ఆ దారిని ఈ పిన్ను చాలావరకు మూసేసింది. నా లెక్కలో కేజ్ పద్ధతిలో వచ్చిన పనిముట్లన్నిటిలో ఇదే గొప్పది.

కానీ బోరు నీళ్ళలో సున్నం ఎక్కువుంటే ఏమవుతుంది? సీటు మీద తెల్లటి పొర కడుతుంది. పిన్ను పూర్తిగా కూర్చోదు, చుక్క చుక్క కారుతూనే ఉంటుంది. లైను చివర నిలబెట్టిన పారదర్శక గొట్టంలో నీటి మట్టం చూడకుండా ప్రెషరు పెంచేసినా ఇదే గతి. ఆ చుక్క కింద పెంట మీద పడుతుంది. పొడిగా ఉన్న పెంట కుప్ప వల్ల పెద్ద బాధ లేదు, తడిస్తేనే ఈగ గుడ్లు పెడుతుంది, అమ్మోనియా లేస్తుంది. షెడ్డులోకి పోగానే కళ్ళు మండాయంటే మీరు పెంటనే తిడతారు, తప్పు నిప్పుల్‌ది అయివుండొచ్చు. 39వ అరలోని వస్తువు పాడైతే 31వ అరలోని షెడ్డు కంపు కొడుతుందన్నమాట. నిప్పుల్ కింద చిన్న కప్పు పెట్టి, కారిన నీళ్ళు మళ్ళీ కోడే తాగేలా చేసినవాడు ఈ రెండింటి మధ్య సంబంధం చూశాడు.

ఇప్పుడు కేజ్ అడుగు. వాలు దేనికో మీకు తెలుసు, గుడ్డు పెట్టగానే దొర్లి ముందున్న ట్రేలోకి రావాలి. కేజ్‌ని వ్యాపారంగా నిలబెట్టింది ఈ వాలే. గుడ్డు రెట్టకు దూరంగా, కోడి కాలికి దూరంగా పోతుంది. వాలు తక్కువైతే గుడ్డు ఆగిపోతుంది, కోడి తొక్కుతుంది, పొడుస్తుంది. ఎక్కువైతే జోరుగా వచ్చి ట్రే అంచుకో ముందు గుడ్డుకో కొట్టుకుని చిట్లుతుంది. యూరప్ 1999 నిబంధన పాత రకం కేజ్‌లకి 14 శాతం దాటొద్దంది, అంటే సుమారు ఏడడుగుల పొడవుకి అడుగు ఎత్తు. మన దగ్గర ఆరుకి ఒకటి పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది అంతకంటే నిటారు.

ఇక్కడ వెల్డింగువాళ్ళకి ఒక మాట. మీరు వాలు కొలిచేది ఖాళీ కేజ్‌లో. అందులో నాలుగు కోళ్ళు నిలబడితే ఆరు కిలోల దాకా బరువు పడుతుంది. సన్న వైరు అయితే మధ్యలో కుంగుతుంది, ముందు భాగం దాదాపు చదునవుతుంది, ఒక్కోసారి ఎదురు వాలే వస్తుంది. దానికి భయపడి లావు వైరు వేస్తే అడుగు గట్టిపడి, గుడ్డు పడగానే చిట్లే పగుళ్ళు పెరుగుతాయి. వైరు మందం, వాలు, కోళ్ళ సంఖ్య, ఈ మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. మూడింటినీ కలిపి ఒక కొలత చెప్పి, ఆ కొలతలో పగిలిన గుడ్లు ఇంత తగ్గాయని చూపించండి, 3(ఎఫ్) మీ జోలికి రాదు.

అదే అడుగు గురించి ఇంకో కథ ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ అని ప్రభుత్వం వేసిన కమిటీ నివేదిక ఇచ్చింది. పశువుకి లేవడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్ళు శుభ్రం చేసుకోవడానికి, కాళ్ళూ రెక్కలూ చాచడానికి చోటుండాలని చెప్పింది. చాలా మంచి మాట. దాంతోపాటే, సన్నటి ఆరుపలకల జాలీ కోడి కాలికి బాధ కలిగిస్తుంది, కేజ్ అడుగుకి వాడొద్దు అని కూడా అంది. పెద్ద మనుషులు కూర్చుని, చూసి, జాలిపడి చెప్పిన మాట. 1973లో హ్యూజ్, బ్లాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ప్రశ్న కోళ్ళనే అడిగారు. రకరకాల అడుగులున్న కేజ్‌ల మధ్య తిరిగే వీలు కల్పించి, ఎక్కడ ఎక్కువసేపు ఉంటాయో చూశారు. కమిటీ వద్దన్న సన్న జాలీనే కోళ్ళు కోరుకున్నాయి. అందులో పాదానికి ఆసరా ఎక్కువ చోట్ల దొరుకుతుంది మరి.

కమిటీని వెక్కిరించడానికి చెప్పలేదు ఇది. కోడి సౌఖ్యం గురించి మనం అనుకునేది వేరు, కోడి చెప్పేది వేరు కావొచ్చు. ఈ పద్ధతిలోనే గుడ్డు పెట్టే ముందు కోడి గూటి కోసం ఎంత కష్టపడుతుందో కూడా కొలిచారు. బరువు పెట్టిన తలుపుని కూడా తోసుకుని వెళ్ళింది. గూడు లేని కేజ్‌లో ఆ సమయానికి అటూ ఇటూ కదిలే కోడిని మీరంతా చూసే ఉంటారు.

స్వీడన్‌లో రాగ్నర్ టౌసన్ అనే ఆయన చేసింది చూడండి. కేజ్‌లో గీకడానికి నేల ఉండదు కాబట్టి గోళ్ళు అరగవు, పొడుగై వైరులో ఇరుక్కుంటాయి. అయితే దాణా తినేటప్పుడు కోడి కాళ్ళతో గీకుతూనే ఉంటుంది. ఆయన ట్రఫ్ (దాణా తొట్టి) వెనక, కాలు తగిలే చోట, గరుకు పట్టీ ఒకటి అతికించాడు. తిన్నంతసేపూ గోరు అరుగుతుంది. పట్టీ ఖరీదు ఎంత? లెక్కలోకి రాదు. కానీ ఆ పట్టీని కేజ్ వెనక గోడకి అతికిస్తే దండగ. ఫీడరు పక్కన ఉంటేనే అది పనిచేస్తుంది. 3(ఎఫ్) గురించి ఎవరైనా అడిగితే నేను ముందు ఈ పట్టీనే చూపిస్తాను.

దాణా సంగతికి వద్దాం, ఉదయం లేవగానే నెక్ రేటు, అంటే ఆ రోజు గుడ్డు ధర, తర్వాత మీరు ఆలోచించేది దాని గురించే. 1938లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని జీలండ్ ఊళ్ళో డివిట్ అన్నదమ్ములు బిగ్ డచ్‌మన్ కంపెనీ పెట్టి చెయిన్ ఫీడరు తెచ్చారు. ట్రఫ్ అడుగున గొలుసు కదులుతూ దాణాని లాక్కుపోతుంది. మనిషి పని తప్పింది, ఇంకో చిక్కు వచ్చింది. గొలుసు నెమ్మదిగా నడిస్తే వరస మొదట్లో ఉన్న కోళ్ళు మొక్కజొన్న ముక్కలు ఏరుకుని తినేస్తాయి, చివరి కోళ్ళకి పిండి మిగులుతుంది. ఒకే షెడ్డు, ఒకే దాణా, గుడ్ల బరువు మాత్రం రెండు రకాలు. అందుకే గొలుసు వేగం పెంచారు. తర్వాత వరస పొడవునా తిరిగే హాపర్ బండ్లు వచ్చాయి, అవి పోసుకుంటూ పోతాయి కాబట్టి ఏరుకునే తేడా తగ్గింది.

ట్రఫ్ అంచు లోపలికి మడిచినదా, నిటారుగా ఉందా అన్నది అల్పంగా కనిపిస్తుంది. లెక్క వేయండి. లేయరు, అంటే గుడ్లు పెట్టే కోడి, రోజుకి 110 గ్రాములు తింటుంది. 50 వేల కోళ్ళకి 5,500 కిలోలు. ముక్కుతో చిమ్మి కిందపడేది రెండు శాతమే అనుకున్నా రోజుకి 110 కిలోలు పెంటలో కలిసినట్టు. ట్రఫ్‌ని మూడో వంతుకి మించి నింపొద్దని కుర్రాడికి చెబుతూనే ఉంటారు, వాడు వింటాడా? రెండుసార్లు తిరగడం కంటే ఒకేసారి నింపడం వాడికి సులువు. అంచు మడత ఆ కుర్రాడి మీద ఆధారపడకుండా పనిచేస్తుంది.

ఇంకోటి, వేళ. గుడ్డు పెంకు ఎక్కువగా రాత్రి పూట తయారవుతుంది, ఒక్కో పెంకుకి సుమారు రెండు గ్రాముల కాల్షియం కావాలి. సాయంత్రం తిన్న గవ్వ ముక్కలు గిజార్డులో (కందనకాయలో) నిలిచి నెమ్మదిగా కరుగుతూ రాత్రికి అందుతాయి. బరువైన గవ్వ ట్రఫ్ అడుక్కి దిగిపోతే ఏ కోడికి ఎంత దక్కిందో ఎవరు చెప్పగలరు? సాయంత్రం వేరే దఫాగా గవ్వ పోసే ఫీడరు మీద నాకు ఇంతవరకు మంచి డ్రాయింగు రాలేదు. వస్తే సంతోషిస్తాను.

వేడి గురించి క్లుప్తంగా చెబుతాను, మన చెన్నైలో ఉన్నవాళ్ళకి వివరించాలా! కోడికి చెమట గ్రంథులు లేవు, నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పితే ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ పోతుంది, దాంతో పెంకు పలచబడుతుంది. మేలో చిట్లిన గుడ్లకి వాలుని, వైరుని తిట్టేముందు ఇది చూసుకోండి. కూలింగ్ ప్యాడ్ నీరు ఆవిరైతేనే చల్లబరుస్తుంది, గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా అంతకు మించి దిగదు. సముద్రానికి దూరంగా ఉన్న నామక్కల్‌లో పనిచేసిన ప్యాడ్ లెక్కని నెల్లూరు తీరానికి ఎత్తుకుపోవద్దు.

ఇక చోటు. 15 అంగుళాలు, 12 అంగుళాల కేజ్‌లో మూడు కోళ్ళంటే ఒక్కోదానికి 387 చదరపు సెంటీమీటర్లు. 18, 15 అంగుళాల్లో నాలుగైతే 435, మూడైతే 580. మీరు జిరాక్స్ తీసే ఏ4 కాగితం 623. స్విట్జర్లాండ్ 1992కల్లా ఈ కేజ్‌లు తీసేసింది. యూరప్ 1999లో నిబంధన రాసి, ముందు 550 అడిగి, 2012 జనవరి నుంచి గూడు, కర్ర లాంటివేమీ లేని కేజ్‌ని నిషేధించింది. ఇప్పుడు అక్కడ కేజ్ అంటే కోడికి 750, లోపల గూడు, వాలే కర్ర, గీకే చోటు ఉండాలి. మన 1960 జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను కదలడానికి సరిపడా ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో పెట్టడం నేరమంటుంది, అంకె చెప్పదు. 2017లో లా కమిషన్ 269వ నివేదిక లేయర్ల సంగతి ఎత్తింది. కేజ్ ఇలాగే ఉంటుందని నమ్మి కొత్త డై చేయించేవాళ్ళు ఆలోచించుకోండి అనే నేనంటాను.

యూరప్ కేజ్‌ని చూసి కర్ర ఒకటి, గూడు ఒకటి తెచ్చి అమర్చితే అయిపోదు. కర్ర అడ్డం పడితే గుడ్డు దొర్లదు. కర్ర మీద నిలబడి గుడ్డు వదిలితే పగులుతుంది. దాని ఆకారం సరిగా లేకపోతే రొమ్ము ఎముక వంకర పోతుంది. గూటికి మరీ దగ్గరగా పెడితే గూడంతా రెట్ట. కొత్త కేజ్ పని ఇక్కడ బోలెడుంది, ఈ పక్క ఇంకా ఎవరూ తవ్వలేదనే నా అంచనా.

దరఖాస్తు గురించి రెండు ముక్కలు. ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే పూర్తి పత్రానికి 12 నెలల గడువుంటుంది. ఆ 12 నెలలూ షెడ్డులో లెక్కలు రాయండి, పగిలిన గుడ్లు, పెంట తడి, కింద పడిన దాణా. పాత కేజ్ ఒక వరస, కొత్త కేజ్ ఒక వరస, ఒకే బ్యాచ్ కోళ్ళతో. ఇంతకుముందే పది మందికి చూపించి, వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టేసి నా దగ్గరికి వస్తే నేను చేయగలిగింది పెద్దగా ఉండదు, కొత్తదనం పోయినట్టే.

అందుకే, ప్రశ్నల సమయంలో డ్రాయింగులు తెచ్చినవాళ్ళు ఎవరూ మైకు దగ్గర విప్పొద్దు. సంచిలోనే ఉంచండి. భోజనాల తర్వాత ఒక్కొక్కరుగా వచ్చి నన్ను కలవండి.