మామూలు గదిలో వోకల్స్: షూర్ ఎస్ఎమ్58 రివ్యూ

నమస్తే అందరికీ. హెడ్‌ఫోన్స్ దగ్గరుంటే పెట్టుకోండి, ఈ వీడియోలో వినాల్సింది చాలా ఉంది.

ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేసే మనవాళ్లలో చాలామంది బీట్, సింథ్, బేస్ అంతా ల్యాప్‌టాప్‌లోనే కానిచ్చేస్తారు. వోకల్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. గదేమో మామూలు గది, కొనేదేమో చిన్న శబ్దాన్నీ పట్టేసే స్టూడియో కండెన్సర్ మైక్. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. గదిలో ప్రతిధ్వని తగ్గించే ట్రీట్‌మెంట్ చేయించే వీలు లేకపోతే, కండెన్సర్‌కి పెట్టే డబ్బుతో షూర్ కంపెనీ మైక్ ఎస్ఎమ్58 తీసుకోండి. ఎందుకో వినిపిస్తాను.

ఒకే గొంతు, ఒకే పల్లవి. గది పదడుగులకు పదడుగులు, కింద టైల్స్, ఓ మూల బీరువా. పైన ఫ్యాన్ కావాలనే ఆపలేదు, వేసవిలో ఎవరం ఆపం కాబట్టి. రెండు టేకులు ప్లే చేస్తున్నాను, ఏది ఏ మైకో ఇప్పుడే చెప్పను.

విన్నారు కదా. మొదటి టేక్‌లో ‘స’, ‘ష’ తళుక్కుమంటున్నాయి, గొంతు విశాలంగా ఉంది. రెండోది కాస్త మూసినట్టుంది. ఇలా విడిగా వింటే నేనైనా మొదటిదే బాగుందంటాను. ఇప్పుడు రెండింటికీ ఒకే కంప్రెసర్ వేసి, కిక్, బేస్‌తో కలిపి వినండి.

మొదటి టేక్‌లో మాట ఆగిన ప్రతిచోటా గది మోగుతోంది. దాని వెనక ఫ్యాన్ హోరు. కంప్రెసర్ పెద్ద శబ్దాల్ని అణచి, ఆ తర్వాత మనం మొత్తం లెవెల్ పైకి లేపుతాం కాబట్టి అడుగున దాక్కున్నవన్నీ బయటపడతాయి. రెండో టేక్‌లో మాట ఆగితే నిశ్శబ్దమే. మొదటిది ఆడియో-టెక్నికా ఏటీ2020 అనే కండెన్సర్ మైక్, జానెడు దూరంలో పెట్టాను. రెండోది ఎస్ఎమ్58, బెత్తెడు దూరంలో.

దూరం వేరు కదా, ఇదేం పోలిక అని మీకు అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మైక్‌కీ నోటికీ మధ్య దూరం సగమైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది ప్రతిధ్వని మాత్రం దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి కండెన్సర్‌ని దగ్గరికి తెచ్చినా గది తగ్గుతుంది. తెచ్చి చూశాను కూడా. కానీ తెలుగులో పాడేవాళ్లకి ‘ప’, ‘భ’, ‘ఫ’ ఉన్నాయి. ‘భ’ పలికేటప్పుడు అరచెయ్యి నోటి ముందు పెట్టుకోండి, గాలి ఎంత జోరుగా తగులుతుందో తెలుస్తుంది. నోటి గాలిని ఆపే పాప్ ఫిల్టర్ లేకుండా బెత్తెడు దూరంలో ఏటీ2020 ఆ గాలికి ధబధబమంది. ఎస్ఎమ్58ని పెదవుల దగ్గర పెట్టుకుని పాడటానికే చేశారు. గుండ్రటి జాలీ, లోపల ఫోమ్, శబ్దాన్ని పట్టే క్యాప్సూల్ కింద కుదుపుల్ని ఆపే షాక్ మౌంట్. అయినా మైక్‌ని నోటికి తిన్నగా కాకుండా కొంచెం పక్కకి తిప్పండి, ఇంకా శుభ్రంగా వస్తుంది.

1966లో వచ్చిన మైక్ ఇది. కార్డియాయిడ్ ప్యాటర్న్, అంటే ముందు నుంచి వచ్చేదాన్ని బాగా తీసుకుంటుంది, తోక వైపు నుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తుంది. అందుకే ల్యాప్‌టాప్ ఫ్యాన్, కిటికీ లాంటివి మైక్ తోక వైపు ఉండేలా నిలబడండి. మీ వీపు వెనక తలుపుకి మందపాటి దుప్పటి వేలాడదీయండి. మైక్ చూసేది అటే, మీ గొంతు అక్కడ తగిలి తిరిగొచ్చేదీ అటునుంచే.

దగ్గరగా పాడితే అడుగు స్వరం లావెక్కుతుంది. ఒంటరి గొంతుకి అది అందమే కానీ, మన ట్రాక్‌లో ఆ చోటు కిక్‌ది, బేస్‌ది. 100 హెర్ట్జ్ దగ్గర హై-పాస్, అంటే దాని కిందున్న శబ్దాల్ని కోసేసే ఫిల్టర్, వేసేయండి.

ఇక లోటు. దీని సిగ్నల్ చాలా తక్కువ. మెల్లగా పాడే గొంతుకి, మైక్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఇంటర్‌ఫేస్‌లో సిగ్నల్ పెంచే గెయిన్‌ని దాదాపు చివరిదాకా తిప్పాలి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 అనే ఇంటర్‌ఫేస్ మూడో తరంలో మైక్ గెయిన్ 56 డెసిబెల్స్, 2023లో వచ్చిన నాలుగో తరంలో 69. గుసగుసగా పాడే పాటలైతే ఆ తేడా మీకు నిజంగా పనికొస్తుంది. 24 బిట్‌లో, పీక్స్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా రికార్డ్ చేయండి, అంతకంటే గట్టిగా అక్కర్లేదు. ‘ఖణేల్’మనే మెరుపు ఇందులో ఉండదు. పై స్వరాల్ని ఈక్యూతో, అంటే టోన్ కంట్రోల్‌తో, కొంచెం లేపితే సరిపోతుంది, కానీ కండెన్సర్ అయిపోదు. నకిలీలు కూడా విపరీతంగా తిరుగుతున్నాయి, బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే కొనండి.

ఈ రెండు టేకుల మీద నా చెవిని ఒక్కదాన్నే నమ్మలేదు. కారణం కూడా గదే. పదడుగుల దూరంలో ఎదురెదురు గోడలుంటే సుమారు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలిచిపోతుంది. కిక్ కూడా తరచూ అక్కడే ఉంటుంది. గది మధ్యలో కూర్చుంటే బేస్ మాయం, గోడకి ఆనుకుంటే బేస్ హోరు. అలాంటిచోట మిక్స్ చేసింది సరిగ్గా ఉందో లేదో వేరే గదిలో, వేరే చెవులే చెప్పాలి. ట్రాక్స్ చేసే స్నేహితులకి రెండు మిక్సులూ మైక్ పేర్లు లేకుండా పంపాను. ఒకరు కారులో విన్నారు, ఒకరు ఫోన్ స్పీకర్‌లో. “మొదటిది బాగుంది గానీ, బాత్‌రూమ్‌లో పాడావా?” అని కారులో విన్నతను అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న నాకు చాలా సాయపడింది.

మీరూ ఇలా పంపేటప్పుడు రెండు ఫైళ్ల లౌడ్‌నెస్ ముందు సమానం చేయండి. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఫ్రీ వెర్షన్ చాలు. లేకపోతే గట్టిగా వినిపించినదే అందరికీ బాగుంటుంది. “ఎలా ఉంది బ్రో?” అని అడిగితే “కేక” అని జవాబొస్తుంది, దాంతో ఏం చేసుకుంటాం? “రెండో చరణంలో డ్రాప్‌కి ముందు మాటలు అర్థమవుతున్నాయా?” అని అడగండి, నిమిషం, సెకను రాసివ్వండి, దేంట్లో విన్నారో చెప్పమనండి. వాట్సాప్‌లో ఆడియోలా కాకుండా వేవ్ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడే క్వాలిటీ చెడకుండా చేరుతుంది.

ఈ రెండు టేకుల వేవ్ ఫైళ్లు కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను, లౌడ్‌నెస్ సమానం చేసే పెట్టాను. మీ ట్రాక్‌లో వేసుకుని చూడండి.