హోస్ట్ ఇవ్వని అప్‌లోడ్

వేదిక మీది పెద్దలకూ మీ అందరికీ నమస్కారం. ఇచ్చింది ఇరవై నిమిషాలే కాబట్టి పరిచయాలు వదిలేస్తున్నాను. పైతాన్‌లో కమాండ్ లైన్ ఆప్షన్లను చదివిపెట్టే లైబ్రరీ ఆర్గ్‌పార్స్ గురించి మొత్తం చెప్పమన్నారు. ఒక్క ముక్కే చెబుతాను: ఒక ఆప్షన్ ఇస్తే దానికి తోడు ఇంకోటి ఇచ్చి తీరాల్సినప్పుడు ఏం చేయాలి?

పాత ఆఫీసులో నా స్క్రిప్ట్ ఒకటి నెలాఖరు రిపోర్టు తయారుచేసేది. అప్‌లోడ్ ఆప్షన్ ఇస్తే సర్వర్‌కి పంపేది. ఏ సర్వర్‌కో హోస్ట్ ఆప్షన్‌లో చెప్పాలి. ఓ రాత్రి నలభై నిమిషాలు నడిచి ‘అప్‌లోడ్ అయింది’ అంది. ఇంటికెళ్లి పడుకున్నాను. తెల్లారి ఏడింటికి మేనేజర్ ఫోన్: ‘రిపోర్టేదయ్యా?’

హోస్ట్ ఇవ్వడం మర్చిపోయాను. ఇవ్వకపోతే ఆపడానికి చెక్ రాశాను కూడా! కానీ అదే హోస్ట్‌కి టెస్టింగ్ కోసమని ఎప్పుడో లోకల్‌హోస్ట్‌ని, అంటే నా మెషీన్‌నే, డిఫాల్ట్‌గా పెట్టాను; ఏమీ ఇవ్వకపోతే అదే తీసుకుంటుంది. ఇక హోస్ట్ ఖాళీగా ఎప్పుడుంటుంది? నా మెషీన్‌లో టెస్ట్ సర్వర్ నడుస్తోంది. రిపోర్టు నా దగ్గర్నుంచి నా దగ్గరికే భద్రంగా చేరింది. నవ్వకండి, ఆ పూట టెన్షన్ నాకే తెలుసు.

ఆర్గ్‌పార్స్ 2010లో పైతాన్ 2.7తో వచ్చింది. రెండూ కలిపి ఇవ్వకూడదు అని చెప్పడానికి అందులో గ్రూప్ ఉంది. ఇది ఇస్తే అదీ ఇవ్వాలి అనడానికి రెడీమేడ్‌గా ఏమీ లేదు. రస్ట్ భాషలో ఇదే పని చేసే క్లాప్ లైబ్రరీ వాడేవాళ్లకి ‘రిక్వైర్స్’ ఉంది, అదృష్టవంతులు. ఫైళ్లు కాపీచేసే ఆర్‌సింక్‌ని చూడండి, రికర్సివ్ గానీ డర్స్ గానీ లేకుండా డిలీట్ అంటే కుదరదని ముందే చెప్పేస్తుంది. మనమేమో విస్తరి వేయకుండానే వడ్డన మొదలుపెడతాం.

కాబట్టి డిఫాల్ట్ తీసేయండి, ఇవ్వని ఆప్షన్ నన్‌గా (None), అంటే ‘ఏమీ లేదు’గా మిగులుతుంది. ఆప్షన్లు చదవడం (పార్స్) అయిన మరుక్షణం, అసలు పని మొదలుకాకముందే, అప్‌లోడ్ ఉండి హోస్ట్ నన్ అయితే పార్సర్ డాట్ ఎర్రర్‌ని పిలవండి. అది ఎలా వాడాలో (యూసేజ్) చూపించి, మీ మాట చెప్పి, తప్పు జరిగిందని తెలిపే 2 కోడ్‌తో ఆగిపోతుంది. టైముకి తనంతట నడిపించే క్రాన్‌లో నడిచినా ఫెయిలైందని తెలుస్తుంది. ‘నాట్’తో చెక్ చేయకండి, నంబర్ తీసుకునే ఆప్షన్‌కి ఎవరైనా నిజంగానే సున్నా ఇస్తే దాన్నీ ఇవ్వనట్టే లెక్కేస్తుంది. నన్ అవునా కాదా అనే చూడండి.

అసలు అప్‌లోడ్‌ని ఆప్షన్‌గా కాక సబ్‌కమాండ్, అంటే సొంత ఆప్షన్లుండే విడి కమాండ్ చేసేసి, హోస్ట్‌ని దాని కిందే తప్పనిసరి చేస్తే ఈ చెక్కే అక్కర్లేదు. అయితే పైతాన్ 3లో సబ్‌కమాండ్ ఇవ్వకపోయినా ఊరుకుంటుంది, రిక్వైర్డ్ ట్రూ అని మనమే పెట్టాలి...

గంట కొట్టేశారా? స్లైడ్లు పదకొండు మిగిలాయి, పోనీండి. మూడో వరుసలో లాప్‌టాప్ తెరిచిన బాబూ, నీ స్క్రిప్ట్‌లో ‘డిఫాల్ట్’ అని వెతుకు. ఎన్నొచ్చాయి?