ఎపిసోడ్ 41: మిర్రర్‌లెస్సా, జేబు కెమెరానా?

బామ్మర్ది: ఫ్యాన్ ఆపేశాను. ఇప్పుడు చెప్పండి బావా, బాగా వినపడుతోందా?

బావ: వినపడుతోంది. ఆ కిటికీ కూడా వేసెయ్, జల్లు కొడుతోంది. మైకు తడుస్తుంది.

బామ్మర్ది: వేశాను. సరే, అందరికీ నమస్కారం. ఈ వారం ఉత్తరం తణుకు నుంచి. ఆవిడ టీచరు. చదువుతాను. "ఇద్దరు పిల్లలు, అత్తమామలు మాతోనే ఉంటారు. ఫోన్‌తో తీసి తీసి విసుగొచ్చింది. 2027 గోదావరి పుష్కరాల నాటికి మంచి కెమెరా చేతిలో ఉండాలని లక్ష రూపాయలు కూడబెట్టాను. మిర్రర్‌లెస్ కొననా, జేబులో పట్టే చిన్నది కొననా? మీరిద్దరూ ఒక్క మాట మీద చెప్పండి." మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకునే కెమెరా.

బావ: ఒక్క మాట మీద అంటే మనిద్దరికీ కష్టం. ఒకదానికి మాత్రం ఇద్దరం ఒప్పుకుంటాం. ముందు డ్రై బాక్స్ కొనమను.

బామ్మర్ది: ఆవిడ ఇంకా కెమెరాయే కొనలేదు బావా!

బావ: కొన్నాక వెతుక్కునేది కాదురా అది. ఉండేది తణుకులో. వానలు మొదలయ్యాక గాలి నిండా చెమ్మే. కెమెరాని ప్రేమగా సంచిలో చుట్టి బీరువాలో దాస్తారు. ఆర్నెల్ల తర్వాత టార్చి వేసి చూస్తే లెన్స్ లోపల సాలెగూడులాగా తెల్లటి పోగులు. అదే ఫంగస్. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, కాసిని సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపించే చిన్న మీటరు ఉంటే సరిపోతుంది. మీటరు ముల్లు 40కీ 50 శాతానికీ మధ్య నిలబడాలి.

బామ్మర్ది: రాసుకున్నారనుకుంటాను. ఇక సెన్సర్, అంటే లెన్స్ వెనక వెలుతురు పడి బొమ్మ పట్టే పలక, దాని సంగతికి వద్దాం. చిన్న కెమెరాల డబ్బా మీద "1 అంగుళం సెన్సర్" అని ఉంటుంది. స్కేలు పెట్టి కొలిస్తే అది 13.2 మిల్లీమీటర్లు, 8.8 మిల్లీమీటర్లు. ఏ పక్కా అంగుళం లేదు. ఐమూలగా కొలిచినా 16 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది.

బావ: మరి ఆ పేరెందుకు?

బామ్మర్ది: పాత టీవీ కెమెరాల్లో గాజు గొట్టాలు ఉండేవి. ఆ గొట్టం బయటి కొలతని బట్టి పేరు పెట్టేవాళ్ళు. గొట్టాలు పోయినా ఆ లెక్క ఉండిపోయింది. మామూలు మిర్రర్‌లెస్‌లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ దాదాపు 23.5కి 15.6. వైశాల్యంలో దీనికి మూడు రెట్ల పైనే.

బావ: అదే నేను చెప్పేది. రాత్రిపూట, ఇంట్లో ట్యూబ్‌లైటు కింద, ఆ మూడు రెట్లు తేడా కనపడుతుంది. పిల్లలు ఒకచోట నిలబడరు. షట్టర్ వేగం పెంచాలి, అప్పుడది తక్కువసేపే తెరుచుకుంటుంది, అంటే వెలుతురు కావాలి. పెద్ద సెన్సర్ ఉంటే, చీకట్లో బొమ్మ వెలుగు పెంచే ఐఎస్ఓ అంకె పెంచినా మొహం మీద ఇసుక జల్లినట్టు ఉండదు.

బామ్మర్ది: చిన్నవన్నీ చిన్న సెన్సర్లు కావుగా. 2019లో వచ్చిన రికో జీఆర్ త్రీ చూడండి. బ్యాటరీతో కలిపి 257 గ్రాములు. లోపల ఉన్నది ఏపీఎస్-సీయే.

బావ: జూమ్ లేదుగా. బ్యాటరీ చూస్తే 200 ఫొటోలకే. పుష్కరాల రోజున పదింటికల్లా చేతులెత్తేస్తుంది.

బామ్మర్ది: ఇంకో బ్యాటరీ జేబులో వేసుకుంటారు. మీరేమో కెనాన్ ఆర్ ఫిఫ్టీ మిర్రర్‌లెస్ అంటారు. బాడీ 375 గ్రాములు, కూడా వచ్చే లెన్స్ 130. అరకిలో. రేవులో ఒక చేత్తో పిల్లాణ్ణి, ఇంకో చేత్తో చెంబు పట్టుకున్న మనిషి మెడలో అరకిలో.

బావ: మెడలో అరకిలో బరువేంట్రా? నేను నడుముకి ఫ్లాష్ బ్యాటరీ ప్యాక్ కట్టుకుని రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుఝాము నాలుగు దాకా నిలబడ్డవాణ్ణి.

బామ్మర్ది: తెలుసు. ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. మనం ఇప్పుడు గొప్పగా "ఫుల్ ఫ్రేమ్" అంటాం, 36కి 24 మిల్లీమీటర్ల సైజుని. 1925లో లైకా కెమెరా ఆ సైజుతో బజారుకి వచ్చినప్పుడు దాన్ని బుల్లి ఫార్మాట్ అనేవాళ్ళు. గాజు పలకల మీద తీసేవాళ్ళకి అది బొమ్మలా కనపడింది. చిన్నదాన్ని చూసి పెదవి విరవడం కొత్తేమీ కాదు.

బావ: నేను పెదవి విరవలేదు. లెన్స్ మార్చుకోవచ్చు, కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంటుంది, ఎండలో స్క్రీన్ కనపడక తిప్పలు పడక్కర్లేదు అంటున్నాను. శబ్దం కూడా లేకుండా తీయొచ్చు.

బామ్మర్ది: శబ్దం లేకుండా తీస్తే లైట్ల కింద చారలు పడతాయి. మన కరెంటు 50 సైకిళ్ళు, లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. సైలెంట్ మోడ్‌లో చాలా కెమెరాలు సెన్సర్‌ని వరసలవారీగా చదువుతాయి కాబట్టి ఒక వరస వెలుగు, ఒక వరస చీకటి. మంచి చిన్న కెమెరాల్లో షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది. "టిక్" అని గోటితో తట్టినంత చప్పుడు. చారలూ తక్కువ.

బావ: షట్టర్ సెకనులో 100వ వంతు పెడితే మిర్రర్‌లెస్‌లోనూ మామూలు లైట్ల కింద చారలు దాదాపు రావు.

బామ్మర్ది: మరి చెల్లి పెళ్ళిలో ఎందుకు వచ్చాయి?

బావ: వాళ్ళు ఎల్ఈడీ గోడ పెట్టించారు. దాని లెక్క వేరు. ఆ సంగతి ఇప్పుడెందుకు?

బామ్మర్ది: ఎందుకంటే ఈ ప్రశ్న చదివిన దగ్గర్నుంచీ నా బుర్రలో ఆ పెళ్ళే తిరుగుతోంది. ఆవిడ పెద్ద కెమెరానా చిన్న కెమెరానా అని అడిగారు. నాకు పెద్ద కెమెరా అనగానే మండపం మీద వీపులు కనపడతాయి.

బావ: మళ్ళీనా?

బామ్మర్ది: ఎప్పుడూ పూర్తిగా మాట్లాడుకోలేదు బావా. జీలకర్ర బెల్లం సమయానికి మండపం మీద ఎంతమంది ఉన్నారు? ఫొటోలకి ఇద్దరు, వీడియోకి ఇద్దరు, ఆ ఊగే రాడ్ పట్టుకున్న కుర్రాడు ఒకడు. లైట్లు పట్టుకున్నవాళ్ళు వేరు. నాన్నమ్మ మెట్లు ఎక్కలేదు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. అడ్డుతెర తీశారు, గట్టిమేళం మోగింది, నాన్నమ్మకి కనపడింది నల్ల చొక్కాల వీపులు.

బావ: పక్కన స్క్రీన్ పెట్టించాను కదా. దాని మీద దగ్గరగా కనపడుతుందనే పెట్టించాను.

బామ్మర్ది: నాన్నమ్మ స్క్రీన్ చూడ్డానికి వచ్చిందా? స్క్రీనే అయితే ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోన్లో చూసేది. ఆ పిల్లని చేతుల మీద పెంచింది. అక్షింతలు వేయడానికి వచ్చింది.

బావ: ఇది ఆ కుర్రాళ్ళ తప్పు కాదు. నువ్వు కింద నిలబడి తియ్యి ఆ ఫొటో. పెద్ద జూమే పెట్టుకో. పంతులుగారి భుజం, మావయ్య తల, మేనత్తల చీరలు వస్తాయి. పెళ్ళికూతురి చెయ్యి పెళ్ళికొడుకు తల మీద పడేది ఒక్క క్షణం. పక్కన నిలబడ్డవాడికే దొరుకుతుంది.

బామ్మర్ది: ఒక్కడు నిలబడితే చాలు. అయిదుగురు ఎందుకు? మూడుముళ్ళు పడ్డాక "సార్, ఇంకోసారి పట్టుకోండి, చేతులు కనపడలేదు" అన్నారు. పంతులుగారు మొహం తిప్పుకున్నారు. ముహూర్తం అయిపోయింది బావా. అయిపోయినదాన్ని మళ్ళీ నటించమంటే చెల్లి బిగుసుకుపోయింది. ఆల్బమ్‌లో ఆ పేజీ రాగానే గబగబా తిప్పేస్తుంది, చూశారా?

బావ: చూశాను. మళ్ళీ పట్టుకోమనడం తప్పే. ఆ రోజే వాళ్ళకి చెప్పాను.

బామ్మర్ది: నాకు తెలియదు ఆ సంగతి.

బావ: నీకు చెప్పలేదు. నువ్వు అప్పటికే కోపంగా ఉన్నావు. అయితే ఒకటి విను. ఆ కుర్రాళ్ళు అలా ఎందుకు ఎగబడతారో నాకు తెలుసు. స్టూడియో పెట్టిన కొత్తలో ఒక పెళ్ళి ఒప్పుకున్నాను. రోల్‌కి 36 ఫొటోలు, మొత్తం ఆరు రోల్స్. తాళి కట్టే సమయానికి ఫ్లాష్ చార్జ్ కాలేదు. నొక్కుతున్నాను, వెలగలేదు. ఎర్ర దీపం వచ్చేలోపు మూడు ముళ్ళూ పడిపోయాయి. మళ్ళీ చేయమని అడగడానికి నోరు రాలేదు. ప్రింట్లు ఇచ్చేటప్పుడు పిల్ల తండ్రి అన్నీ వరసగా చూశాడు. తిట్టలేదు. "ఒక్కటి కూడా లేదా బాబూ?" అన్నాడు. డబ్బులు వెనక్కి ఇచ్చేశాను. ఆయన ఆ కవరు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

బామ్మర్ది: ఈ సంగతి అక్కకి తెలుసా?

బావ: తెలుసు. ఆ కవరు చాలా ఏళ్ళు డ్రాయర్‌లో ఉండేది. అందుకే ఎవడైనా ముందుకి తోసుకెళ్తే నాకు కోపం రాదు. భయంతో వెళ్తాడు. ఒక్కటి కూడా లేదా అని అడిగించుకోకూడదని.

బామ్మర్ది: ఆ భయం అర్థమైంది. నాన్నమ్మ బాధ కూడా బాధే కదా బావా.

బావ: కాదన్నానా?

బామ్మర్ది: ఆ రోజు నా జేబులో చిన్న కెమెరా ఉంది. నాన్నమ్మ కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. ఆవిడకి ఏం కనపడుతోందో అది తీద్దామని ఆవిడ భుజం ఎత్తులో పెట్టి తీశాను. ఎవరూ చూడలేదు, నాన్నమ్మ కూడా. పెద్ద కెమెరా ఎత్తి ఉంటే ఆవిడ కొంగు సర్దుకుని నా వైపు తిరిగేది. మేళంలో ఆ టిక్ శబ్దం నాకే వినపడలేదు.

బావ: ఏదీ, చూపించు. నాకెప్పుడూ చూపించలేదు.

బామ్మర్ది: ఇదిగోండి.

బావ: పెద్దది చెయ్యి. ఇది ఆవిడ చెయ్యా?

బామ్మర్ది: అవును. అక్షింతలు పట్టుకుని ఉంది. ఎప్పుడు వేయాలో కనపడక అలాగే పట్టుకుంది. చెమటకి పసుపు అరచేతి గీతల్లోకి దిగిపోయింది. మేళం ఆగాక కూడా గింజలు చేతికి అంటుకునే ఉన్నాయి. చెల్లి కిందికి దిగి వచ్చినప్పుడు దులిపి తల మీద వేసింది.

బావ: వెనకాల ఈ తెల్ల లాల్చీ...

బామ్మర్ది: ఊఁ.

బావ: ఇది నేనురా.

బామ్మర్ది: అవును.

బావ: లైటు పట్టుకునే కుర్రాడు రాలేదు. నేనే ఎక్కి పట్టుకున్నాను. సరిగ్గా ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. ఇన్నాళ్ళూ చెప్పలేదేం?

బామ్మర్ది: మిమ్మల్ని అనడం ఇష్టంలేక. నల్ల చొక్కాలనే అంటూ వచ్చాను.

బావ: ఒక్క అడుగు పక్కకి జరిగితే సరిపోయేది.

బామ్మర్ది: వదిలేయండి బావా.

బావ: కాదు, ఒక్క అడుగే. లైటు ఎక్కడున్నా పడేది. కొంచెం మంచినీళ్ళు ఇలా ఇవ్వు.

బామ్మర్ది: తీసుకోండి. ఆపేద్దామా రికార్డింగ్?

బావ: వద్దు, ఆ టీచరమ్మగారు ఎదురుచూస్తుంటారు. ఐఎస్ఓ ఎంత పెట్టావు దీనికి?

బామ్మర్ది: 3200. చీకట్లో గరుకుగానే ఉంది, ఒప్పుకుంటాను.

బావ: గరుకు ఉన్నా చేతి మీద గీతలు కనపడుతున్నాయి. ఏమ్మా, వింటున్నారా? ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్ళు, రాత్రి వెలుతురు అన్నారు కాబట్టి నేను మిర్రర్‌లెస్సే అంటాను. దాంతోపాటు వెలుతురు బాగా లోపలికి వచ్చే ఎఫ్ 1.8 ఉన్న 35 మిల్లీమీటర్ల లెన్స్ ఒకటి. జూమ్ తర్వాత చూసుకోవచ్చు. ఇసుకలో, రేవు మెట్ల మీద మాత్రం లెన్స్ విప్పకండి.

బామ్మర్ది: నేను చిన్నదే అంటాను. పుష్కరాల రద్దీలో పిల్లల చెయ్యి వదలకూడదు, కెమెరా ఒక చేత్తో తీసి ఒక చేత్తో లోపల పెట్టేలా ఉండాలి. అయితే ఒకటి: ముందుకి సాగే లెన్స్ ఉన్న చిన్న కెమెరాలు దుమ్ముని లోపలికి లాగుతాయి. మార్చుకునే లెన్స్ కాదు కాబట్టి తుడవడానికి విప్పించాలి. జిప్ ఉన్న చిన్న సంచిలో పెట్టండి. అప్పడాల పొట్లానికి వచ్చే సంచి కాదు బావా, నవ్వకండి.

బావ: నవ్వట్లేదు. సంచిలో సిలికా జెల్ పొట్లం వెయ్యమను.

బామ్మర్ది: వేస్తారు.

బావ: షాపుకెళ్ళి రెండూ చేత్తో పట్టుకుని చూడమను. మామగారి ఫొటో ఒకటి అక్కడే తియ్యమను, ఆయన్ని కూడా తీసుకెళ్ళి. ఏ కెమెరా ముందు ఆయన మామూలుగా కూర్చున్నాడో చూసుకోమను.

బామ్మర్ది: ఇది మీరు ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

బావ: ఇప్పుడే తట్టింది. నాన్నమ్మ ఊళ్ళోనే ఉందా, పెద్దమ్మగారింటికి వెళ్ళిందా?

బామ్మర్ది: ఊళ్ళోనే.

బావ: ఆదివారం వెళ్దామా? ఆల్బమ్ తీసుకెళ్దాం. ఈ ఫొటో ప్రింట్ కూడా వేయిస్తాను, పన్నెండుకి ఎనిమిది సైజులో.

బామ్మర్ది: మీ వీపు ఉంటుంది అందులో.

బావ: ఉండనీ. కట్ చేయొద్దు. ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు.

బామ్మర్ది: అక్క. గొడుగు లేకుండా వచ్చింది. ఉండండి, తలుపు తీసి వస్తాను.