బరకం కప్పడం వేరు, తెప్పకి కొలిచి కుట్టడం వేరు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న సర్పంచి గారికి, మత్స్యశాఖ నుంచి వచ్చిన సారుకి, మన స్కూలు మాస్టారికి, సొసైటీ పెద్దలకి, పొదుపు సంఘాల అప్పలకి, చెల్లెళ్ళకి, చోటు చాలక ఎండలో నిలబడ్డోళ్ళకి, ఆ మెట్ల మీద సెల్లు చూసుకుంటున్న గుంటలకి కూడా. ఇవాళ నవంబరు 21, ప్రపంచ మత్స్యకార దినోత్సవం అని పొద్దున్నే గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టీసాం, దండలేసీసాం, నన్నేమో మహిళా సాధికారత మీద ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. దాని మీద ఏటి మాట్లాడాలో ఈ సారు నాకంటే బాగా చెప్తారు. నాకు తెలిసింది కుట్టు మిషను. అందుకే తెప్పకి, అదే మన ఫైబరు పడవకి, గుడ్డ కవరు కుట్టడం గురించి చెప్తాను. నవ్వకండి, ఆఖర్న నవ్వుదురు గానీ.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు. ఆ 61 రోజులూ మనోళ్ళు తెప్పలు ఇసక మీదకి లాగీసి, ఇంజను విప్పి ఇంటికి తెచ్చీసి, వలలు మూట కట్టి తెప్పలోనే పడీసి, చీట్లాటకి పోతారు. (అవును తమ్ముడూ, నీ గురించే.) ఆ ఎండకి ఫైబరు ఏటవుతాదో ఎవరైనా చూసారా? చెయ్యి పెట్టి రాస్తే తెల్లగా పొడి వస్తాది, పైన మెరిసే పొర ఎండకి చచ్చిపోతే వచ్చే పొడి అది. నైలాను వల కూడా అంతే, ఎండలో పడి ఉంటే దారం బలం పోతాది, జూన్‌లో మొదటి పట్టుకే తెగుతాది, అప్పుడు కంపెనీని తిడతాం.

ఎండ పోయాక వాన. ఇంజను బిగించే వెనక పలక ఉంది చూసారా, అమరం దగ్గర, అంటే తెప్ప వెనక కొసన, చాలా తెప్పల్లో దాని లోపల కర్ర గానీ ప్లైవుడ్డు గానీ ఉంటాది, పైన ఫైబరు పూత. బోల్టు సందుల్లోంచి వాన నీళ్ళు దిగితే లోపలే కుళ్ళిపోతాది, పైకి తెలీదు. మనోళ్ళు సముద్రం ఉప్పుకి పాడయ్యింది అంటారు. కాదు బాబూ, ఉప్పునీళ్ళ కంటే మంచినీళ్ళే కర్రకి ఎక్కువ చేటు, కర్రని కుళ్ళబెట్టే బూజు మంచినీళ్ళ తడికే బాగా పెరుగుతాది.

మరి కప్పుతున్నాం కదా అంటారు. ఏటి కప్పుతున్నారు? ఫ్లెక్సీలు!

ఈ ఫ్లెక్సీ కథ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఒక ఎలక్షన్ అయిపోయాక మా మావయ్య రోడ్డు మీద పెద్ద ఫ్లెక్సీ విప్పి తెచ్చి తెప్ప మీద కప్పీసాడు. అందులో ఒక నాయకుడు రెండు చేతులు జోడించి నవ్వుతున్నాడు, ఎవరో చెప్పను, సారు ఉన్నారు. మావయ్య చూసుకోలేదు, నాయకుడి తల కిందకి, చెప్పులు అణియం వైపు, అంటే తెప్ప ముందు కొస వైపు, పైకి వచ్చీసాయి. సాయంత్రానికి ఆ పార్టీ కుర్రాళ్ళు వచ్చీసారు, మా నాయకుణ్ణి తలకిందులు చేస్తారా అని. సరే అని తిప్పి కప్పితే అవతల పార్టీ వాళ్ళు వచ్చారు, మీ ఇల్లు ఆ పార్టీలో కలిసిపోయిందా, మొన్న మా దగ్గర టీ తాగారే అని. మావయ్యకి కోపం వచ్చీసి బొమ్మ లోపలికి, నల్లది బయటికి పెట్టీసాడు. అప్పుడు మొదటోళ్ళు మళ్ళీ వచ్చి మా నాయకుణ్ణి దాచీసారేటి అన్నారు. పైగా దాగుడుమూతలాడుతూ మా చిన్నోడు తెప్ప లోపల దూరి పైకి చూస్తే అంత మొహం, అంత పళ్ళు! వాడికి జ్వరం వచ్చీసింది. మా అత్త మిరపకాయలు దిష్టి తీసి, ఇంకెప్పుడూ రాజకీయాలు ఇంటికి తేవొద్దని మావయ్యకి చెప్పింది.

అంత గొడవ పడి కాపాడుకున్న ఆ ఫ్లెక్సీ ఎండలు ముదిరేసరికి పెళుసుబారి మడతల దగ్గర పెటపెటా పగిలిపోయింది. అది రోడ్డు మీద కొన్నాళ్ళు కట్టడానికి చేసింది, సముద్రం ఒడ్డున వేసవంతా ఆగడానికి కాదు. నీలం బరకాలూ, అదే ప్లాస్టిక్ టార్పాలిన్లూ, అంతే. కళ్ళాల్లో ధాన్యం మీద కప్పడానికి బాగుంటాయి, ఇక్కడ ఎండకి పేలికలు పేలికలై ఇసకలోకి, నీళ్ళలోకి పోతాయి, మళ్ళీ అవే వలలో పడతాయి.

అయినా గుడ్డ ఒక్కటే కాదు సమస్య, కొలత. బరకం నాలుగు మూలలది, తెప్ప నాలుగు మూలలది కాదు. ముందు సన్నం, మధ్య బొజ్జ, వెనక నిటారు. చదరంగా ఉన్నది దాని మీద వేస్తే ఒకచోట బిగుతు, ఒకచోట జోలె పడతాది. ఆ జోలెలో నీళ్ళు నిలుస్తాయి. మాస్టారూ, లెక్క తప్పైతే చెప్పండి, మీటరు పొడుగు మీటరు వెడల్పు చోట 10 సెంటీమీటర్ల లోతు నీళ్ళు నిలిస్తే 100 లీటర్లు. అంటే 100 కిలోలు. ఒక రాత్రి వానకి ఒక మనిషి కంటే ఎక్కువ బరువు గుడ్డ మీద కూకుంటే ఏ గుడ్డ ఆగుతాది?

అందుకే ముందు మధ్యలో వెన్ను లేపాలి. అణియం నుంచి అమరం దాకా ఒక వెదురు గానీ, బిగించి కట్టిన తాడు గానీ, అంచు కంటే ఎత్తుగా. వెదురు కొసలకి పాత చీర చుట్టండి, లేకపోతే అక్కడే చిల్లు పడతాది. తర్వాత పాత న్యూస్ పేపర్లు అతికించుకుంటూ తెప్ప మీద పరిచి, అంచు కిందకి జానెడు దిగేలా గీత గీసి కత్తిరించాలి. అదే మీ నమూనా. ఒక వైపు కొలిచి రెండో వైపు అదే అనుకోకండి, రిపేర్లు చేయించిన తెప్ప రెండు వైపులా ఒకలాగ ఉండదు.

గుడ్డకొస్తే రెండు దార్లు. నూలు కాన్వాసు అయితే గాలి ఆడతాది, తడిస్తే పోగు ఉబ్బి నీళ్ళు తక్కువ దిగుతాయి, కానీ ముడుచుకుంటాది కాబట్టి కత్తిరించక ముందే తడిపి ఆరబెట్టాలి, తడిగా మడత పెడితే బూజు. లారీల మీద కప్పే పూత గుడ్డ అయితే నీళ్ళు దిగవు, గట్టిది, కానీ గాలి కూడా దిగదు, లోపల చెమ్మ పట్టి వలలు కంపు కొడతాయి. దానికి రెండు కొసల్లో గాలి కన్నాలు పెట్టి, పైన చిన్న రెక్క కుట్టాలి. నన్నడిగితే లారీ గుడ్డే, కన్నాలు పెట్టి. ఇంకోటి, ఏది కప్పినా పెట్రోలు డబ్బా లోపల వదలొద్దు, ఆవిరి చేరతాది, ఎవడో బీడీ ముట్టించుకుంటూ కవరు ఎత్తుతాడు.

దారం దగ్గర వినండి అమ్మలూ. జాకెట్లు కుట్టే నూలు రీలు వాడొద్దు, గుడ్డ బాగానే ఉంటాది కుట్టు కుళ్ళిపోతాది. లావు పాలిస్టరు దారం, 18 నంబరు సూది, కుట్టు పొడుగ్గా. జాకెట్టు కుట్టినట్టు దగ్గర దగ్గరగా కుడితే చిల్లులు ఎక్కువై ఆ గీత వెంబడే చిరిగిపోతాది. అతుకు వేసేటప్పుడు జీన్సు ప్యాంటు పక్క కుట్టు ఉంటాది చూడండి, ఒకదాన్లో ఒకటి మడిచి రెండు వరసలు, అలగ. పై ముక్క అంచు కింద ముక్క మీదకి రావాలి, తాటాకు ఇల్లు నేసినట్టు, లేకపోతే వాన నీళ్ళు అతుకులోకే పోతాయి. అంచు మడతలో తాడు పెట్టి కుట్టండి. మూలల దగ్గర మూడు పొరలు వేసి, మిషను లాగకపోతే దబ్బనంతో చేతికుట్టు. వలలు బాగుచేసే మన మగోళ్ళకి చేతికుట్టు రాదా? వస్తాది. చీట్లాట ఆపి రండి. ఐలెట్లు, అంటే తాడు దూర్చే కన్నాలకి బిగించే రింగులు, ఇత్తడివే కొనండి, ఇనపవి తుప్పు పట్టి గుడ్డని తినీస్తాయి. ఐలెట్లు లేకపోతే గుడ్డ లోపల నున్నటి గులకరాయి పెట్టి, బయట నుంచి తాడుతో మెడ బిగించి కట్టండి, ఊడదు.

ఏటి బాబూ, టైమా? ఇందాక కేకు కోయడానికి అరగంట పట్టింది, అప్పుడు చీటీ పంపలేదు కదా.

తుఫాను మాట చెప్పి ఆపుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలగ పడ్డాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి కబురు వస్తే కవరు ఉంచొద్దు. విప్పి ఇంటికి తెచ్చీయాలి. ఎంత బాగా కుట్టినా ఆ గాలికి ఒక మూల లేచిందంటే తెరచాప అయిపోతాది, తెప్పనే ఎత్తి పడీస్తాది. అందుకే ముళ్ళు లాగితే ఊడేలా వెయ్యండి, కోసుకోవాల్సిన ముళ్ళు వద్దు.

ఇక నా కోపం. నేను కుట్టు శిక్షణకి వెళ్ళినప్పుడు జాకెట్టు, లంగా, పంజాబీ డ్రెస్సు నేర్పించారు. సముద్రం ఒడ్డు ఊరు మాది, దళసరి గుడ్డ కుట్టడం చెప్పండమ్మా అంటే ఆ టీచరమ్మ నవ్వి, ఆడోళ్ళకి అవెందుకు అంది. ఇప్పుడు ఊళ్ళో జాకెట్లు కుట్టేవాళ్ళు వీధికి ఇద్దరు, ఒకరి గిరాకీ ఒకరు కోసుకుంటున్నాం. తెప్పలేమో బోసిగా పడున్నాయి. సారూ, ఇంజనుకి సబ్సిడీ, వలకి సబ్సిడీ అని కాయితాలు చదివారు ఇందాక. వాటన్నిటినీ ఎండా వానా తగలకుండా కాచే గుడ్డ మాట మాత్రం ఆ కాయితాల్లో వినబడలేదు. రాసుకోండి సారూ, ఆ డైరీలో రాసుకోండి, తలూపడం కాదు.

ఇంట్లో మిషన్లు నాలుగు పొరల లారీ గుడ్డ లాగలేవు. అంబ్రెల్లా మిషను అని గొడుగులు, బ్యాగులు కుట్టేది ఉంటాది, అది లాగుతాది. ఒక్కరం కొనలేం, సంఘం కొంటే ఈ గదిలోనే ఒక పక్కన పెట్టుకోవచ్చు, తుఫాను వచ్చినప్పుడు తప్ప ఈ షెల్టరు ఖాళీయే కదా. ఏప్రిల్‌కి ఇంకా చాలా టైముంది. వచ్చే మీటింగులో అప్పులు, వడ్డీలు అయ్యాక లేచిపోకుండా ఈ మిషను సంగతి తేల్చండి. ఎవరికి వద్దో చేతులెత్తండి. ఒక్కరూ ఎత్తలేదు, మాస్టారూ మీరే సాక్షి.

రేపు పొద్దున్న ఎండెక్కక ముందు మా మరిది తెప్ప కొలుద్దాం. పాత పేపర్లు ఎవరింట్లో ఉంటే వాళ్ళు తెండి, గమ్ము టేపు నేను తెస్తాను. ఫ్లెక్సీలు ఎవరూ తేవొద్దు. ఇదిగో బాబూ, మైకు.